చలికాలపు సముద్రంలో అడుగు చేపల జాడ

అందరికీ నమస్కారం. తీరానికి దూరంగా, సముద్రపు అడుగును అంటిపెట్టుకుని బతికే చేపలను చలికాలంలో ఎలా వెతకాలో, గాలానికి ఎలా పట్టాలో చెప్పమని నన్ను పిలిచారు. ఈ విషయం మీద ఎక్కడ నలుగురు కూడినా మాటలన్నీ ఎర చుట్టూ, గాలం చుట్టూ తిరుగుతాయి. నేను ఆ వరుసను తిరగేస్తాను. ఎర గురించి చివరిలో కాసేపు మాట్లాడతాను. ఎక్కువ సమయం చోటు గురించే.

ఎందుకంటే వేసవిలో విశాలంగా చెదిరి తిరిగే చేపలు చలి ముదిరేకొద్దీ కొన్ని చోట్లకే చేరి గుంపు కడతాయి. అంటే మిగిలిన సముద్రమంతా ఖాళీ. ఖాళీ చోట ఎంత మంచి ఎర వేసినా ఫలితం ఒక్కటే. చోటు దొరికితే మాత్రం చేతులు నొప్పి పుట్టేలా చేపలు తగులుతాయి. చలికాలపు వేటలో ఉన్న ఆనందమూ అక్కడే ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. గుంపు కట్టిన జీవిని తుడిచిపెట్టడం చెదిరిన జీవిని తుడిచిపెట్టడం కన్నా చాలా తేలిక. వెతకడం నేర్చుకున్నవాడు ఎప్పుడు ఆపాలో కూడా నేర్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ మాట తరువాత వివరంగా చెబుతాను.

ముందు నీటి సంగతి. వేసవిలో సముద్రం పొరలుగా ఉంటుంది. పైన వెచ్చని పొర, దాని కింద ఉష్ణోగ్రత చటుక్కున పడిపోయే పలుచని పట్టీ, ఆ కింద చల్లని నీరు. శరదృతువు నుంచి గాలులు పెరుగుతాయి, రాత్రులు చల్లబడతాయి. పైనున్న నీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. గాలి దాన్ని కలియబెడుతుంది. కొన్ని వారాల్లో పొరలు చెరిగిపోయి, తీరానికి దగ్గరి లోతుల్లో పైనుంచి కిందిదాకా దాదాపు ఒకే ఉష్ణోగ్రత వస్తుంది. ఆ కలయిక వల్ల అడుగున ఉన్న నీరు శరదృతువులో కాస్త వెచ్చబడుతుంది కూడా. చాలామందికి ఇది వింతగా ఉంటుంది. గాలి చల్లబడుతుంటే అడుగు వెచ్చబడడం ఏమిటని అడుగుతారు. పైపొరలో వేసవి దాచిన వేడి కిందికి దిగుతోంది, అంతే.

ఆ తరువాత అసలు చలి మొదలవుతుంది. పది మీటర్ల లోతున్న నీరు తన వేడిని త్వరగా పోగొట్టుకుంటుంది. వంద మీటర్ల లోతున్న నీటికి పోగొట్టుకోవలసిన వేడి చాలా ఎక్కువ. కాబట్టి తీరం ముందు చల్లబడుతుంది, దూరపు నీరు నెమ్మదిగా చల్లబడుతుంది. ఖండతీరపు అంచు ముగిసి లోతు ఒక్కసారిగా పెరిగే ప్రాంతంలో అడుగు నీరు చలికాలమంతా పెద్దగా మారకుండా ఉండవచ్చు. వాయవ్య అట్లాంటిక్‌లో బ్లాక్ సీ బాస్, స్కప్, సమ్మర్ ఫ్లౌండర్ చేపలు వేసవిని తీరం దగ్గర గడిపి, చలికాలానికి ఆ అంచు దాకా వలస పోవడానికి కారణం ఇదే.

అయితే చలికాలమంటే లోతుకు పోవడమే అని ఒక సూత్రం కట్టుకుంటే మోసపోతారు. గల్ఫ్ ఆఫ్ మెక్సికో తూర్పు భాగంలో గ్యాగ్ గ్రూపర్ వేసవిలో వేడెక్కిన లోతులేని నీటిని వదిలి దూరంగా పోతుంది. నీరు చల్లబడేకొద్దీ అదే చేప తీరం వైపు వస్తుంది. చేప లోతును వెంబడించదు. తనకు హితవైన వేడిని, తిండిని, తలదాచుకునే చోటును కలిపి వెతుకుతుంది. మీరు వెతికే చేపకు ఏ ఉష్ణోగ్రత హితవో తెలిస్తే సగం దారి నడిచినట్టే.

ఉష్ణోగ్రతకు అడుగు చేప జీవితంలో ఎంత పట్టు ఉందో చెప్పే చరిత్ర ఒకటి ఉంది. 1879లో న్యూ ఇంగ్లండ్ తీరానికి దూరంగా, ఖండతీరపు అంచున కాడ్ చేపల కోసం లోతైన గాలాలు వేసిన ఒక పడవకు అంతవరకు ఎవరూ గుర్తించని పెద్ద చేపలు దొరికాయి. అదే టైల్‌ఫిష్. మెత్తని బంకమట్టిలో బొరియలు తవ్వుకుని ఉంటుంది. సుమారు 9 నుంచి 14 డిగ్రీల మధ్య ఉండే సన్నని వెచ్చటి పట్టీలోనే బతుకుతుంది. మూడేళ్లు తిరగకుండానే, 1882 వసంతారంభంలో, ఆ దారిన వచ్చిన ఓడలు మైళ్ల తరబడి చచ్చిన టైల్‌ఫిష్ తేలుతూ ఉండడం చూశాయి. అప్పట్లో వేసిన లెక్కల్లో చచ్చిన చేపల సంఖ్య వంద కోట్లు దాటింది. చల్లని నీరు హఠాత్తుగా ఆ పట్టీలోకి చొరబడడమే కారణమని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ తరువాత దాదాపు పదేళ్లపాటు ఆ చేప కంటబడలేదు. అడుగు చేప తన పట్టీని వదిలి ఎందుకు కదలదని అడిగేవారికి ఇంతకన్నా బలమైన జవాబు నాకు తెలియదు. పట్టీ దాటితే దానికి బతుకు లేదు.

ఇప్పుడు ఆ నీటిని ఎలా చదవాలో చూద్దాం. సముద్రపు పైనీటి ఉష్ణోగ్రతను చూపే ఉపగ్రహ పటాలు ఇవాళ ఎవరికైనా దొరుకుతాయి. వేసవిలో అవి అడుగు గురించి పెద్దగా చెప్పవు, ఎందుకంటే పైపొరకూ అడుగుకూ సంబంధం ఉండదు. చలికాలంలో, లోతు మరీ ఎక్కువ లేని చోట నీరు పైనుంచి కిందిదాకా కలిసిపోయి ఉంటుంది కాబట్టి, ఆ పటం అడుగు గురించి కూడా చాలావరకు నిజమే చెబుతుంది. ఈ ఒక్క సంగతి వల్ల చలికాలపు వెతుకులాట ఇంటి దగ్గరే మొదలుపెట్టవచ్చు. వెచ్చని నీరు, చల్లని నీరు కలిసే గీత ఎక్కడుందో చూడండి. రెండు మూడు రోజుల పటాలు పక్కపక్కన పెట్టి, ఆ గీత కదులుతోందా, నిలిచి ఉందా గమనించండి. నిలిచి ఉన్న గీత కింద రాయి ఉంటే అక్కడికి వెళ్లవలసిందే. మబ్బు పట్టిన రోజున ఉపగ్రహం నీటి వేడిని చాలావరకు చూడలేకపోతుంది. అలాంటప్పుడు పటంలో ఖాళీలు ఉంటాయి, లేదా పాత కొలతలతో పూరించి ఉంటాయి. తేదీ చూడకుండా పటాన్ని నమ్మకండి.

లోతు ఎక్కువైన చోట మాత్రం స్వయంగా కొలవాలి. ఉష్ణోగ్రతను నమోదు చేసే చిన్న పరికరాన్ని సీసపు గుండుకు కట్టి అడుగున కాసేపు ఉంచి పైకి తీస్తే చాలు. పూర్వపు నావికులు లోతు కొలిచే సీసపు గుండు అడుగున గుంట చేసి అందులో కొవ్వు పూసేవారు. అడుగున ఇసుక ఉంటే ఇసుక, గవ్వముక్కలు ఉంటే గవ్వముక్కలు దానికి అంటుకుని వచ్చేవి. ఏమీ అంటకుండా వస్తే కింద రాయి ఉన్నట్టు. ధ్వనిని పంపి లోతును, చేపలను చూపే సోనార్ పరికరం లేని రోజుల్లో వాళ్లు అడుగును తెలుసుకున్న తీరు నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. అవే వివరాలు ఈనాటికీ నౌకాపటాల మీద సంక్షిప్తాక్షరాలుగా ఉంటాయి. ఇసుక, బురద, రాయి, పగడం, గవ్వ అని రాసి ఉంటుంది. చాలామంది లోతు అంకెలు చూసి ఆ అక్షరాలను వదిలేస్తారు. వదలకండి. పటం మీద లోతు గీతలు ఒకదానికొకటి దగ్గరపడే చోట వాలు నిటారుగా ఉంటుంది. ఆ నిటారు వాలు మీద రాయి అని గుర్తు ఉంటే ఆ చోటును ముందుగా రాసి పెట్టుకోండి. పెద్ద పేరున్న గుట్టల కన్నా, చదునైన ఇసుక మధ్యలో ఒంటరిగా ఉన్న ఒకటి రెండు మీటర్ల ఎత్తు రాతి అరుగు చలికాలంలో ఎక్కువ చేపలను దాచుకుంటుందని నా అనుభవం. చుట్టుపక్కల చేపకు మరో ఆశ్రయం ఉండదు కదా.

సోనార్ దగ్గరకు వస్తున్నాను. ఇక్కడ కాస్త నిలబడతాను, ఎందుకంటే ఖరీదైన పరికరం కొని దాన్ని లోతు అంకె చూడడానికి మాత్రమే వాడేవారు చాలామంది ఉన్నారు. పరికరం పంపే ధ్వని కిందికి పోయేకొద్దీ విచ్చుకుంటుంది. 200 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర, 12 డిగ్రీల కోణమున్న ధ్వని పుంజం 60 మీటర్ల లోతులో సుమారు 12, 13 మీటర్ల వెడల్పు ప్రాంతాన్ని చూస్తుంది. 50 కిలోహెర్ట్జ్ దగ్గర కోణం 40 డిగ్రీల దాకా ఉంటే, అదే లోతులో 40 మీటర్లకు పైగా చూస్తుంది. వెడల్పుగా చూసేది వెతకడానికి పనికివస్తుంది, సన్నగా చూసేది చోటు ఖాయం చేసుకోవడానికి. వెడల్పు పుంజంలో చేప కనబడగానే గాలం దించితే, ఆ చేప మీ పడవకు ఇరవై మీటర్లు పక్కన ఉండవచ్చు. తెర మీద అది సరిగ్గా కిందే ఉన్నట్టు కనబడుతుంది. ఇలా ఖాళీ ఇసుక మీద గంటలు పోగొట్టుకునేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

గట్టి అడుగు ధ్వనిని బలంగా తిప్పికొడుతుంది. తెర మీద మందమైన ప్రకాశవంతమైన పట్టీ వస్తుంది. దాని కింద, రెట్టింపు లోతున్నట్టుగా రెండో ప్రతిధ్వని కూడా కనబడితే అది రాయి అనుకోవచ్చు. బురద అయితే పట్టీ మసకగా ఉంటుంది, రెండో ప్రతిధ్వని రాదు. చేప విల్లులా వంగిన గీతగా కనబడాలంటే పడవ కదులుతూ ఉండాలి. నిలిచి ఉన్న పడవ కింద నిలిచి ఉన్న చేప పొడుగాటి గీతగానే వస్తుంది. అది చేప కాదనుకుని వెళ్లిపోయేవారు ఉన్నారు. ఇంకో చిక్కు ఏమిటంటే, నిటారు వాలు మీద, రాతి పగుళ్లలో అడుగుకు అంటుకుని ఉన్న చేప అసలు కనబడదు. పుంజం ముందుగా వాలు ఎత్తైన భాగానికి తగిలి తిరిగి వస్తుంది, దాని కింద ఉన్నదంతా ఆ ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. చలికి చేపలు అడుగుకు మరింత హత్తుకుని ఉండే రోజుల్లో ఈ చిక్కు ఎక్కువ. అందుకే అడుగు నుంచి పై కొద్ది మీటర్లను మాత్రమే పెద్దదిగా చూపే అమరికను వాడండి. పడవను నెమ్మదిగా, ఒకే చోటు మీదుగా వేర్వేరు దిశల నుంచి పోనివ్వండి. రాతి మీద నుంచి పైకి గోపురంలా లేచిన గుంపు కనబడితే అవి తరచుగా స్నాపర్ జాతివి. అడుగున ముద్దలు ముద్దలుగా ఉన్నవి గ్రూపర్లు కావచ్చు. చిన్న చేపల మబ్బు కనబడినా ఆగి చూడవలసిందే.

చోటు దొరికిన తరువాత పడవను దాని మీద నిలపడం మరో విద్య. ముందు ఇంజను ఆపి పడవను వదిలేయండి. గాలి, ప్రవాహం కలిసి దాన్ని ఎటు తీసుకుపోతాయో కొన్ని నిమిషాలు చూడండి. ఆ దిశకు ఎదురుగా, రాయిని దాటి ముందుకు వెళ్లి, ఇసుక మీద లంగరు వేయండి. లోతుకు కనీసం మూడు రెట్ల తాడు వదలాలి, గాలి ఎక్కువగా ఉంటే ఐదు రెట్లు, ఏడు రెట్లు కూడా. తాడు వదిలేకొద్దీ పడవ వెనక్కి జరిగి, దాని వెనుక భాగం రాతి మీదికి వస్తుంది. లంగరును రాతి మీద, ముఖ్యంగా పగడాల మీద వేయకండి. చేపకు ఇల్లయిన చోటును మన లంగరే పగలగొడితే మళ్లీ ఎక్కడ వెతుకుతాం? ఉపగ్రహ సంకేతాలతో పడవను ఒకే చోట నిలిపే విద్యుత్ మోటార్లు వచ్చాక చిన్న పడవలకు ఈ పని తేలికైంది.

వాతావరణం గురించి ఇప్పుడు చెప్పకపోతే తప్పు. చలికాలంలో సముద్రం మనకు ఇచ్చే అవకాశాలు చిన్నవి. ఒక శీతల వాయుముఖం, అంటే ముందుకు తోసుకొచ్చే చల్లని గాలి అంచు, దాటిపోయాక గాలి తగ్గి, తరువాతిది వచ్చేలోపు ఒకటి రెండు రోజులు మంచి సమయం దొరుకుతుంది. అలల ఎత్తును మాత్రమే చూసి బయలుదేరకండి, రెండు అలల మధ్య వ్యవధిని చూడండి. పది సెకన్లకు ఒకసారి వచ్చే మీటరున్నర అల మీద పడవ లేచి దిగుతుంది. అయిదు సెకన్లకు ఒకసారి వచ్చే అదే ఎత్తు అల పడవను కొడుతుంది. ఇక చల్లని నీటిలో పడితే ఏమవుతుందో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ మూడు అంకెల్లో చెప్పారు. మొదటి ఒక నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవాలి. తరువాతి పది నిమిషాలే చేతులు కాళ్లు పనిచేస్తాయి. స్పృహ పోవడానికి సుమారు గంట పడుతుంది. ఆ గంట అక్కరకు రావాలంటే లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి. పెట్టెలో ఉన్న జాకెట్ లేనట్టే. నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. మెరైన్ రేడియో, ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ అత్యవసర బీకన్, ఒడ్డున ఉన్నవారికి తిరిగివచ్చే సమయం రాసి ఇవ్వడం... వీటిలో ఏది లేకపోయినా ఆ రోజు వెళ్లకండి. దీని మీద నేను ఎవరితోనూ బేరం ఆడను.

ఇప్పుడు గాలం, ఎర. చేప శరీరపు వేడి నీటి వేడితో పాటే దిగుతుంది. నీరు పది డిగ్రీలు చల్లబడితే దాని జీవక్రియ సగానికో, మూడో వంతుకో తగ్గిపోతుంది. తిండి అవసరం తగ్గుతుంది, కదలిక మందగిస్తుంది, దూరంగా పోయే ఎరను తరమదు. కాబట్టి చలి పట్టిన నీటిలో ఎర చిన్నదిగా, నిదానంగా, అడుగుకు దగ్గరగా ఉండాలి. వెచ్చని పట్టీలో ఉన్న చేపకు ఈ మందగింపు అంతగా ఉండదు. అక్కడ అది మామూలుగానే తింటుంది. అందుకే ఉష్ణోగ్రత తెలుసుకోమని ఇంతసేపు పట్టుబట్టాను.

అల్లిన దారం సాగదు, సన్నగా ఉంటుంది, ప్రవాహం దాన్ని తక్కువగా లాగుతుంది. అరవై మీటర్ల కింద చేప పెదవితో ముట్టుకున్నా చేతికి తెలుస్తుంది. నైలాన్ దారం సాగి ఆ కదలికను మింగేస్తుంది. చివరన కట్టే దారానికి ఫ్లోరోకార్బన్ మంచిది. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం దానికి సుమారు 1.42, నీటికి 1.33, నైలాన్‌కు ఆ రెండింటి కన్నా ఎక్కువ. నీటికి దగ్గరగా ఉన్నకొద్దీ దారం చేప కంటికి తక్కువగా కనబడుతుంది. ప్లవకాలు తగ్గి నీరు తేటపడే చోట ఈ తేడా పనిచేస్తుంది. గుండు బరువు దారం నిలువుగా దిగి అడుగున నిలిచేంత ఉంటే చాలు. అంతకు మించితే మెత్తని కొరుకు తెలియకుండా పోతుంది.

మొన లోపలికి వంగి ఉండే గుండ్రని గాలం వాడేటప్పుడు ఒక్కటే గుర్తుంచుకోండి. కొరుకు తెలియగానే కడ్డీని ఎగదన్నకండి. చేప ఎర తీసుకుని పక్కకు తిరిగేదాకా ఆగి, రీలును నిలకడగా తిప్పండి. గాలం జారి దవడ మూలలో గుచ్చుకుంటుంది. ఎగదన్నితే నోట్లోంచి ఊడి వస్తుంది. చలికాలపు కొరుకు మెత్తగా ఉంటుంది కాబట్టి చేయి తొందరపడుతుంది. ఆ తొందరను ఆపుకోవడమే కష్టం. గుచ్చుకున్నాక మాత్రం మొదటి కొన్ని మీటర్లు వెనుకాడకుండా లాగాలి. గ్రూపర్ తన రాతి బొరియలోకి దూరి మొప్పలు విప్పిందంటే దారం తెగడమే మిగిలింది.

మొదట్లో ప్రమాదం అన్నాను కదా, దాని దగ్గరకు వచ్చాం. చాలా గ్రూపర్ జాతులు గుడ్లు పెట్టడానికి గుంపు కట్టేది చలికాలంలోనే. నాసావ్ గ్రూపర్ చలికాలపు పౌర్ణముల చుట్టూ ఏటా ఒకే చోటికి వేల సంఖ్యలో చేరుతుంది. 2001లో కరీబియన్ సముద్రంలోని లిటిల్ కేమన్ దీవి పశ్చిమ కొన దగ్గర అలాంటి గుంపు మత్స్యకారుల కంటబడింది. రెండు సీజన్లలో అందులో సగానికి పైగా పట్టేశారు. 2003లో ఆ చోట పట్టడాన్ని నిషేధించాక, ఏళ్ల తరబడి కాపాడితే గుంపు మళ్లీ పెరిగింది. కరీబియన్‌లో అలా కాపాడని గుంపులు చాలా మాయమైపోయాయి. గ్యాగ్ గ్రూపర్ కథ మరో రకం. అది ఆడదిగా పుడుతుంది, వయసు పెరిగాక కొన్ని మగవిగా మారతాయి. పెద్దవాటినే ఏరి పట్టుకుంటూ పోవడంతో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో మగవాటి వాటా 1970ల్లో సుమారు 17 శాతం ఉన్నది 1990ల నాటికి రెండు శాతం దగ్గరకు పడిపోయింది. గుడ్లు పెట్టే నెలల్లో వేట మూసివేసే నియమాలు ఊరికే పెట్టలేదు. మీ నీళ్లలో ఏ చేపకు ఏ నెలలు మూసి ఉన్నాయో ముందుగా తెలుసుకోండి. నియమం లేని చోట కూడా, పట్టిన చేపల పొట్టలు గుడ్లతో నిండి ఉన్నాయని గమనిస్తే ఆ గుంపును వదిలి వేరే చోటికి వెళ్లమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

ఇందాక ముందు వరుసలో ఒకరు, వదిలేసిన చేప ఎలాగూ చస్తుంది కదా అన్నారు. చావకుండా వదలవచ్చు. 30 మీటర్ల లోతున, బారల్లో చెప్పాలంటే 16 బారల పైచిలుకున, నీటి ఒత్తిడి పైనున్నదానికి నాలుగు రెట్లు. అక్కడి నుంచి పైకి తెస్తే చేప కడుపులోని గాలితిత్తిలో వాయువు నాలుగింతలవుతుంది. కళ్లు ఉబ్బుతాయి, జీర్ణాశయం నోట్లోంచి బయటికి వస్తుంది. నెమ్మదిగా లాగితే సర్దుకుంటుందనే నమ్మకం ఒకటి ఉంది. గ్రూపర్, స్నాపర్ లాంటి చేపల గాలితిత్తి మూసి ఉంటుంది. అందులోని వాయువు రక్తంలో కలిసిపోవడానికి గంటలు కావాలి, మనం లాగే నిమిషాలు సరిపోవు. నోట్లోంచి వచ్చింది గాలితిత్తి అనుకుని పొడిచేవారు ఉన్నారు. అది జీర్ణాశయం, దాన్ని ముట్టుకోకండి.

మేలైన దారి చేపను తిరిగి లోతుకు దించడం. పెదవిని పట్టుకుని, నిర్ణీత లోతులో ఒత్తిడికి దానంతట అదే విడిచిపెట్టే పట్టకారు లాంటి సాధనాలు ఉన్నాయి. అమెరికా ఆగ్నేయ తీరానికి ఎదురుగా, కేంద్ర ప్రభుత్వ పరిధిలో ఉన్న అట్లాంటిక్ జలాల్లో స్నాపర్, గ్రూపర్ పట్టే పడవల మీద ఇలాంటి సాధనం ఉండాలని 2020 జూలై నుంచి నియమం ఉంది. సాధనాన్ని బరువు కట్టి, తగిన లోతుకు సరిచేసి, మొదటి గాలం నీళ్లలో పడకముందే చేతికందే చోట పెట్టుకోండి. చేప పడవలోకి వచ్చాక వెతుక్కుంటే ఆలస్యమవుతుంది. తడి చేతులతో పట్టుకోండి, గాలం తీయండి, రెండు నిమిషాల లోపు కిందికి పంపండి. చలికాలంలో పైనీరు కూడా చల్లగా ఉంటుంది కాబట్టి వేసవిలో కన్నా ఈ ప్రయాణాన్ని తట్టుకుని బతికే అవకాశం ఎక్కువ. అడుగు దాకా దించనవసరం లేదు. పట్టిన లోతులో మూడో వంతు దాటేసరికే వాయువు బాగా కుదించుకుపోయి, చాలా చేపలు తమంతట తాము కిందికి ఈదుకుపోగలుగుతాయి. వీలైతే ఇంకా లోతుగా దించండి. సాధనాలు కొన్ని ఇక్కడ బల్ల మీద పెట్టాను. దగ్గరకు వచ్చి చేత్తో పట్టుకుని చూడండి. ప్రశ్నలు ఉంటే అడగండి.